సమస్య: సూర్యుఁ డుదయింపకయె ప్రొద్దు చూడ గ్రుంకె

నిర్వాహకుడు: ఆదికాండం మొదటి అధ్యాయం చదువుతుంటే తట్టిన పాదం. గ్రహణాలూ, సైంధవ వధా వద్దు. ఇదే చివరి పాదంగా, బైబిలు తొలి కథల్లోనే పద్యం పూరించండి.

గీతప్రియ:
వెలుఁగు గలుగుమం చాదిలో విభుఁడు పలికె;
చీఁకటిని వేఱుగాఁ జేసి చెప్పె రాత్రి;
నాలుగవనాఁటఁ గద పుట్టె నళినహితుఁడు;
సూర్యుఁ డుదయింపకయె ప్రొద్దు చూడ గ్రుంకె.

యతిమిత్ర: సూర్యుణ్ణి తామరల చెలికాడిగా "నళినహితుఁడు" అనడం ఎంత చక్కగా కుదిరిందో! మొక్కలు మూడో రోజున మొలిచాయి, మర్నాడు వాటి చెలికాడు వచ్చాడు. కానీ గీతప్రియ గారూ, "చెప్పె రాత్రి" దగ్గర అన్వయం తెగింది. "అని" లేనిదే ఎలా? "చీఁకటికి రాత్రి యను పేరు చేర్చి నిలిపె" అంటే సాఫీగా నడుస్తుంది.

గీతప్రియ: మీ పాదం బాగుంది, తీసుకుంటాను. ఒకరి పద్యాలు దిద్దడమేనా, మీ సొంత పూరణ చూసే భాగ్యం మాకు ఎప్పుడండీ?

పల్లెపద్యం:
చెట్లు మూఁడవనాఁటికే చెలఁగె నేల;
నాల్గవ దినమునందుఁ గానబడె రవి;
కోడి యైదవ దినమునఁ గూసెఁ దొలుత;
సూర్యుఁ డుదయింపకయె ప్రొద్దు చూడ గ్రుంకె.

యతిమిత్ర: రెండో పాదం చివర "రవి". రెండు లఘువులతో (పొట్టి అక్షరాలతో) సూర్యగణం ఎక్కడిదండీ, మూడు మాత్రలు ఉండొద్దూ? సూర్యుడి పేరు దగ్గరే సూర్యగణం కుంటుపడింది! "కానబడెఁ దరణి" అనండి, సరిపోతుంది. కోడి మాత్రం అద్భుతం. పక్షులు పుట్టింది ఐదో రోజున కాబట్టి నాలుగు తెల్లవారుఝాములు కూత లేకుండానే గడిచాయన్నమాట. ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఇక నిర్వాహకుల వారికి ఒక మాట. "చూడ" అన్నది యతి కోసం, అంటే పాదం మొదటి "సూ"తో అక్షరమైత్రి కుదరడానికి, దూర్చిన మాట. ఎవరు చూడ? ఆదాము పుట్టిందే ఆరో రోజున. ఇది వ్యర్థపదం.

కావేరిగట్టు: యతిమిత్ర గారూ, ఆ ప్రశ్నకే నా జవాబు:
మట్టిలో నుండె నాదాము, మాట లేదు;
హవ్వ లేదింకఁ, జూపఱు లవని లేరు;
దేవుఁ డొక్కఁడే తన వెల్గు తీరు మెచ్చి
సూర్యుఁ డుదయింపకయె ప్రొద్దు చూడ గ్రుంకె.

పల్లెపద్యం: అక్కా, నమస్కారం! "దేవుఁ డొక్కఁడే... చూడ" అని కర్త దొరికేసరికి పాదమంతా నిలబడింది. రెండో పాదంలోనే "చూపఱు" లేరని చెప్పి దారి వేసుకున్నారు.

వాక్యపాఠకుడు: మూలంలోనూ అదే క్రియ ఉంది. "వెలుగు మంచిదైనట్టు దేవుడు చూచెను" అని నాలుగో వచనం. అయితే అందరూ నాలుగో రోజు సూర్యుడి దగ్గరే ఆగారు, పక్కనే ఉన్న ఇంకో చిక్కును వదిలేశారు. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను." ముందు అస్తమయం, తరువాత ఉదయం! యూదులకు నేటికీ రోజు మొదలయ్యేది సాయంత్రమే. శుక్రవారం పొద్దు వాలగానే సబ్బాతు (వాళ్ళ విశ్రాంతి దినం) వచ్చేస్తుంది. అంటే "ఉదయింపకయె గ్రుంకె" అన్నది అక్షరాలా కుదురుతుంది. ఆ వైపు నుంచి ఒక్క పూరణా రాలేదే!

యతిమిత్ర: కావేరిగట్టు గారి పూరణతో "చూడ" మీద నా అభ్యంతరం తీరిపోయింది. ఈ పద్యానికి వంక లేదు. పోయినసారి "తండ్రి చావకముందె యా తనయుఁ డీల్గె" అన్న సమస్యకు గీతప్రియ గారు కూడా ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే బాగుండేది.

గీతప్రియ: ఆ పూరణకేమైంది? హనోకును 365 ఏళ్ళప్పుడు దేవుడు తీసుకుపోయాడు, ఆయనకు చావే లేదు. కొడుకు మెతూషెల 969 ఏళ్ళు బతికి పోయాడు. అందరికన్నా ఎక్కువ బతికినవాడు తండ్రికన్నా ముందే చచ్చాడు. సమస్యకు ఇంతకన్నా సూటి దారి ఉందా?

యతిమిత్ర: దారి సూటిదే. ముసలాయనను నోవహు ఓడ దాకా నడిపించారు, నా పేచీ అక్కడ. ఓడ ఎక్కినవాళ్ళు ఎనిమిది మందే: నోవహు, భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు.

గీతప్రియ: నడిపించాను గానీ ఎక్కించలేదు! లెమెకు పుట్టేనాటికి మెతూషెలకు 187, నోవహు పుట్టేనాటికి లెమెకుకు 182, జలప్రళయం నాటికి నోవహుకు 600. కూడండి, సరిగ్గా 969. ఓడ కట్టిన సంవత్సరాలన్నీ తాతగారు బతికే ఉన్నారు, వాన పడిన ఏడే పోయారు. నా పద్యంలో ఉన్నది "ఓడఁ గాంచి". నిర్వాహకుల వారు ఆ పూరణను మళ్ళీ పైకి తెస్తే అందరూ చూస్తారు.

నిర్వాహకుడు: తెస్తాను. ఈలోగా వాక్యపాఠకుడు గారు చూపిన అస్తమయం మీద ఎవరైనా ప్రయత్నించండి. యతిమిత్ర గారూ, ముందు మీరే.