మారిషస్ తెలుగువాళ్ల పూర్వీకుల ఊరు కనుక్కోవడం ఎలా?

అరండల్‌పేట కుర్రాడు:
మా అక్కతో పనిచేసే మారిషస్ అమ్మాయి సంక్రాంతికి గుంటూరు వచ్చింది. వాళ్లింట్లో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష క్రియోల్, తెలుగు నాలుగు ముక్కలు కూడా సరిగ్గా రావు, కానీ అమ్మ దీపం పెట్టగానే రామభజన ఎత్తుకుని చివరిదాకా పాడేసింది, మా నానమ్మ అలా నోరెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడో వాళ్ల ముత్తాత తండ్రి చెరకు తోటల్లో కూలికి వెళ్లాడట. కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంది, ఊరి పేరు లేదు. బందరు వైపు వెతకాలా?

బెజవాడ బాబాయ్:
బందరుకి పరిగెత్తకండి. గుంటూరు జిల్లాని 1859లో రద్దు చేశారు, మళ్లీ 1904లోనే ఏర్పాటు చేశారు. మధ్యలో తెనాలి, బాపట్ల, నరసరావుపేట అన్నీ కృష్ణా జిల్లానే. ముందు ఆయన వెళ్లిన ఏడాది తేల్చుకోండి. మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పాత వలస రిజిస్టర్లు అక్కడే. వెళ్లిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఉండేది, అది దొరికితే సగం పని అయినట్టే. ఊరి పేరు గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసి ఉంటాడు, పైకి చదివి చూడండి.

ఉల్లిపెసరట్టు:
భాషే రానప్పుడు ఇంక తెలుగువాళ్లేంటి బాస్?

తోటదారి:
పెసరట్టు గారూ, మన బెంజ్ సర్కిల్ అపార్ట్‌మెంట్లలో పిల్లలకి వచ్చేది ఎంత? నేను మారిషస్‌లో కొన్నాళ్లు పనిచేశా. 1834 నుంచి తోటలకి వెళ్లినవాళ్లలో భోజ్‌పురి వాళ్లే ఎక్కువ, మనవాళ్లు కొద్దిమంది, పనిలో అందరికీ కలిసింది క్రియోల్. ఇంట్లో మాట పోయింది, భజన మాత్రం పోలేదు. విశాఖ, గంజాం వైపు నుంచి చాలామంది వెళ్లారు కాబట్టి ఇప్పటికీ సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. ఉగాదికి దేశమంతా సెలవు, బళ్లలో తెలుగు చెప్తారు. ఇదంతా వాళ్లు సంఘాలు పెట్టుకుని, అడిగి సాధించుకున్నది. ఇక్కడ కూర్చుని మనం సర్టిఫికెట్లు ఇవ్వక్కర్లేదు.

అరండల్‌పేట కుర్రాడు:
థాంక్స్ బాబాయ్. ఆ నంబరు పాత పెళ్లి సర్టిఫికెట్లలో కూడా ఉంటుందా?

బెజవాడ బాబాయ్:
చాలావాటిలో ఉంటుంది. వాళ్ల తాతముత్తాతలవి బయటికి తీయమనండి.