అడవి కోర్సులో డిస్క్ గోల్ఫ్: డిస్కులు పోతున్నాయి, చేతులు పొక్కాయి

బాటసారి_శాన్‌హోసే:

నమస్కారమండీ. మా ఇంటి దగ్గర చదునైన పార్కులో ఏడాదిగా డిస్క్ గోల్ఫ్ (పళ్ళెంలాంటి డిస్కును విసురుతూ, వీలైనన్ని తక్కువ విసుర్లలో గొలుసుల బుట్టలో పడేసే ఆట) ఆడుతున్నాను. పచ్చిక మీద 90 మీటర్లు విసరగలనన్న ధీమాతో గత నెల మొదటిసారి కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఉన్న డెలవియాగా కోర్సుకు (ఆటస్థలానికి) వెళ్ళాను. అక్కడి కొండవాలులో, ఓక్ చెట్ల మధ్య పది బుట్టలు పూర్తయ్యేసరికి మూడు డిస్కులు పోయాయి. నాలుగోది లోయ పొదల్లో పడితే దిగి ఇరవై నిమిషాలు వెతికాను. అది దొరికింది గాని, రెండు రోజుల తరువాత మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలు గీతలుగా నీటిపొక్కులు లేచాయి.

ఇలాంటి చోట ఏ డిస్కు, ఎలా విసరాలి? పొదల్లో పడినదాన్ని ఎంతసేపు వెతకవచ్చు? ఇంకొక సందేహం కూడా ఉంది. నాతో వచ్చిన మిత్రుడు నిలబడడానికి అడ్డంగా ఉందని ఒక పచ్చికొమ్మ విరిచాడు. మా వెనుక ఆడుతున్న పెద్దాయన ముఖం చిట్లించారు గాని ఏమీ అనలేదు. అది తప్పేనా?

గొలుసులచప్పుడు:

మీరు విసిరినవి డ్రైవర్లే (దూరానికి విసిరే డిస్కులే) అయి ఉంటాయని నా ఊహ. డిస్కు మీద ముద్రించే నాలుగు అంకెల్లో మొదటిది వేగం. అది 12, 13 ఉన్న డిస్కు తన దారిన తాను పోవాలంటే విసిరే చేతికి చాలా ఊపు ఉండాలి. ఆ ఊపు చాలకపోతే, కుడిచేతివాటం వారు బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి) విసిరినప్పుడు అది అనుకున్నదానికన్నా ముందుగానే ఎడమకు ఒరిగిపోతుంది. పార్కులో పది మీటర్లు పక్కకు పోయినా పచ్చిక మీదే పడుతుంది కాబట్టి ఆ లోపం మీకు ఇన్నాళ్ళూ కనిపించలేదు. డెలవియాగాలో కొన్నిచోట్ల చెట్ల మధ్య సందు నాలుగైదు అడుగులు మించదు.

వేగం 5 ఉన్న మిడ్‌రేంజ్ (మధ్యదూరపు డిస్కు) ఒకటి, పుటర్ (బుట్ట దగ్గర వాడే నెమ్మది డిస్కు) ఒకటి చాలు. టీ (మొదటి విసురు విసిరే చోటు) దగ్గర నిలబడి దూరాన ఉన్న బుట్టను కాక, మీకు ముందుగా ఎదురయ్యే రెండు మానుల నడుమ సందును చూసి, దానిలో నుంచి పోయేటట్టు నడుము ఎత్తున, ముప్పావు బలంతో విసరండి. 60 మీటర్లు తిన్నగా పోయిన పుటర్, 90 మీటర్లు పోయి లోయలో పడిన డ్రైవర్ కంటే మేలు. కుడికి తిరగవలసిన చోట ఫోర్‌హ్యాండ్ (చేతిని పక్క నుంచి ముందుకు ఊపి విసరడం) వాడండి.

పల్లానికి విసిరేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. నేల కిందికి జారుతుంది కాబట్టి డిస్కు ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, చివరి ఒరుగు కూడా అంతగా సాగుతుంది. 27వ బుట్టను ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ అంటారు. టీ దగ్గర నిలబడితే దూరాన మాంటెరే అఖాతం కనిపిస్తుంది, ఆ సముద్రాన్ని చూడగానే ఎవరికైనా బలమంతా పెట్టి విసరాలనిపిస్తుంది. నేనూ అలాగే విసిరి రెండు డిస్కులు అక్కడే వదిలి వచ్చాను. మీలో ఒకరు ముందుగా కిందికి వెళ్ళి, డిస్కు ఏ చెట్టు పక్కన దిగిందో చూస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

ఆకుపసరు:

పొక్కుల సంగతి నేను చెబుతాను. మీరు చెప్పిన తీరును బట్టి అది పాయిజన్ ఓక్ కావచ్చు. పేరుకు ఓక్ అయినా, అది మన మామిడి, జీడిమామిడి కుటుంబపు మొక్క. ఆవకాయల రోజుల్లో మామిడి సొన తగిలి మూతి పొక్కడం మన ఇళ్ళలో తెలియనిది కాదు. పాయిజన్ ఓక్‌లో ఉండే ఉరుషియాల్ అనే జిడ్డు దానికి దగ్గరి బంధువే, కాకపోతే చాలా తీవ్రమైనది. సొనకు పొక్కే ఒళ్ళయితే మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఆకులు మూడేసి గుత్తిగా ఉంటాయి, వేసవి చివరికి ఎర్రబడతాయి. చలికాలంలో ఆకు రాలి మోడుగా ఉన్నప్పుడు చాలామంది మోసపోతారు, ఎందుకంటే ఆ పుల్లల్లోనూ జిడ్డు ఉంటుంది. పొదలో నుంచి తీసిన డిస్కుకు అంటిన జిడ్డు మీ సంచికి, కారు స్టీరింగుకు, అక్కడి నుంచి పిల్లల చేతులకు కూడా అంటుతుంది. ఆట ముగియగానే చేతులు, డిస్కులు సబ్బుతో, వేడి లేని నీళ్ళతో బాగా రుద్ది కడగండి, బట్టలు విడిగా ఉతకండి. ముఖం, కళ్ళు వాస్తే మాత్రం ఇంటి వైద్యం చేసుకోకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళండి.

మూడునిమిషాలు:

నియమాలు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పోటీ నియమం ప్రకారం పోయిన డిస్కును 3 నిమిషాలు వెతకవచ్చు. దొరకకపోతే ఒక అదనపు విసురు లెక్కవేసుకుని, ముందు విసిరిన చోటు నుంచే మళ్ళీ విసరాలి. స్నేహితుల ఆటలోనూ నేను అదే పాటిస్తాను, ఇరవై నిమిషాలు ఎప్పుడూ వెతకను. వాలు మీద అందరూ డిస్కు కోసం కిందికి దిగుతుంటే కొత్త కాలిబాట పడుతుంది, వాన వచ్చినప్పుడు ఆ బాటే కాలువై మట్టిని కోస్తుంది. ఓక్ వేళ్ళ చుట్టూ నేల గట్టిపడితే నీరు, గాలి లోపలికి దిగవు. ఆ నష్టం విసిరిన డిస్కు వల్ల కాదు, వెతికిన కాళ్ళ వల్ల.

కొమ్మ విరవడం తప్పే. చెట్టుకు అంటి ఉన్న కొమ్మ ఎండినదైనా సరే, దాన్ని వీలైనంత తక్కువ కదిలించేటట్టు నిలబడడం ఆటగాడి బాధ్యత. విరిగి నేలపై పడిన కొమ్మ మీరు నిలబడే చోట గాని, వెనుక గాని ఉంటే తీసివేయవచ్చు. ముందు, బుట్ట వైపు ఉంటే ముట్టుకోకూడదు. అసలు నిలబడే వీలే లేకపోతే, ఒక అదనపు విసురు ఒప్పుకుని, బుట్టకూ డిస్కుకూ ఉన్న గీత మీదే వెనక్కు వచ్చి విసరవచ్చు. పాయిజన్ ఓక్ పొదలో నిలబడడం కంటే ఆ ఒక్క విసురు చాలా చవక.

ఈ ఆట చెట్ల కిందే పెరిగింది. దీనికి రూపమిచ్చిన ఎడ్ హెడ్రిక్ 1975లో పసడీనా దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేసినప్పుడు బుట్టలు లేవు, పాతిన స్తంభాలే లక్ష్యాలు. గొలుసుల బుట్ట తరువాత వచ్చింది.

బాటసారి_శాన్‌హోసే:

ముగ్గురికీ ధన్యవాదాలు. చిన్నప్పుడు మామిడి సొనకు నా మూతి పొక్కేదని మా అమ్మ ఫోన్‌లో గుర్తుచేసింది. ఈ ఆదివారం ఒక మిడ్‌రేంజ్, ఒక పుటర్, ఒక సబ్బు తీసుకుని వెళుతున్నాను. 27వ బుట్ట దగ్గర కూడా డ్రైవర్ వద్దంటారా?

గొలుసులచప్పుడు:

అక్కడికి ఒక్కటి తీసుకెళ్ళండి. కాకపోతే పాతది, గులాబీ రంగుది, పోయినా బాధ కలిగించనిది.