ఆటోమేటిక్ డీజిల్ పికప్: ఎండకాలం ఘాట్‌ల గేర్‌బాక్స్ ఆయిల్ వేడి ఎంత దాక పోనియ్యొచ్చు?

దేవరకొండ_డబుల్‌క్యాబ్
అన్నలకు నమస్తే. 6 గేర్ల ఆటోమేటిక్, డీజిల్, డబుల్ క్యాబ్. బండి కంప్యూటర్ రీడింగులు చూపే ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే హైవే మీద గేర్‌బాక్స్ ఆయిల్ 88–92 డిగ్రీలు. శ్రీశైలం తొవ్వల మన్ననూరు ఎక్కుడుకాడ, వెనుక 600 కిలోల లోడుతోని, బస్సు వెనుక ఇరుక్కుంటే 117 దాక పోతున్నది. ఇంజిన్ కూలెంట్ మాత్రం 96 దాటుతలేదు. 117కు భయపడాల్నా? విడిగా కూలర్ పెట్టిస్తే ఏది మంచిది, ఎక్కడ బిగియ్యాలె? ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలె? ముందు బంపర్ కూడ మార్పిద్దామనుకుంటున్న, దానికీ దీనికీ ఏమన్న సంబంధం ఉంటదా?

పాలమూరు_గేర్‌బాక్స్
తమ్మీ, ముందుగాల ఆ 117 ఎక్కడి వేడో చెప్పు. ఆటోమేటిక్ బాక్సులు విప్పి బిగించుడే నా పని, ఈ ఒక్క ముక్క తెలువకనే సగం మంది పరేషాన్ అయితరు. కొన్ని బాక్సులల్ల రెండు రీడింగులు ఉంటయి. ఒకటి కింద ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ప్యాన్‌ల ఆయిల్‌ది, ఇంకోటి ఇంజిన్ బలాన్ని ఆయిల్ తోని గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ నుంచి బయటికొచ్చే ఆయిల్‌ది. కన్వర్టర్ కాడ 117 అంటే లోడుతోని ఘాట్ ఎక్కేటప్పుడు వచ్చేదే, ఎక్కుడు అయిపోంగనే దిగుతది. ప్యాన్‌ల 117 అంటే వేరే కథ. ప్యాన్ 80–95 మధ్యల ఉంటే బేఫికర్. 110 దాటితే కాలు తగ్గియ్యాలె. 120 మీద గంటలకొద్ది నడిస్తే ఆయిల్ మాడి, గేర్లకు ఆయిల్ పంచే వాల్వ్ బాడీల జిగురు పొర పడుతది, అందులోని కరెంటు వాల్వులు, అంటే సోలినాయిడ్లు అతుక్కుంటయి. 135–140కి రబ్బరు సీళ్లు గట్టిపడుతయి, ప్రెజర్ నిలువదు, క్లచ్ ప్లేట్లు జారి కాలుతయి.

నల్లమల_ఘాట్
కూలర్ సంగతి తర్వాత. వేడి పుట్టేకాడ తగ్గియ్యకుంట ఎన్ని కూలర్లు పెట్టినా లాభం లేదు. కన్వర్టర్ జారుడే వేడి. ఎక్కుడుల ఇంజిన్ నుంచి 60 కిలోవాట్లు వస్తున్నయనుకో, లాకప్ (జారకుంట కలిపి పట్టే లోపలి క్లచ్) పడని కన్వర్టర్ అందుల 80 శాతమే ముందుకు పంపితే, మిగిలిన 12 కిలోవాట్లు సీదా ఆయిల్‌ల వేడైతయి. డి‌ల పెట్టి 25–30 స్పీడుల ఎక్కిస్తే బాక్సు మూడు, నాలుగు గేర్ల మధ్య ఊగుతది, లాకప్ పడది. లివర్ పక్కకు గుంజి మాన్యువల్‌ల రెండో గేరు పట్టు. 2,000–2,500 ఆర్పీఎం ఉండనియ్యి. జారుడు తగ్గుతది, గేర్‌బాక్స్ పంపు ఎక్కువ ఆయిల్ తిప్పుతది, ఇంజిన్‌కు బిగించిన ఫ్యాన్ కూడ జోరుగ తిరుగుతది. బస్సుకు ఆనుకొని పోకు, జాగ వదిలిపెట్టు. ఆగుడు, మళ్ల కదులుడు, ఇదే అన్నిటికంటె ఎక్కువ వేడి పుట్టిస్తది.
లాకప్ పడ్డదా లేదా తెలువాలంటే, ఒకే స్పీడుల పోతున్నప్పుడు ఆక్సిలరేటర్ ఇంత తొక్కు. స్పీడు పెరగకముందే ఆర్పీఎం లేస్తే పడలేదు. రెండు కలిసి కదిలితే పడ్డట్టే.

బత్తాయి_లోడు
అందరు గేర్‌బాక్స్ పట్టుకున్నరు. ముందు రేడియేటర్ జాలి చూడుండ్రి. మన దిక్కు పత్తి పీచు, వడ్ల పొట్టు, క్రషర్ల పొడి, ఇవి ఏసీ కండెన్సర్‌కు రేడియేటర్‌కు నడుమ పట్టుకుంటయి. ముందు నుంచి చూస్తే తళతళ మెరుస్తది, నడుమ మాత్రం పరుపేసినట్టు ఉంటది. వాటర్ సర్వీస్‌ల ముందు నుంచి ఫోర్స్‌గ కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతది, రెక్కలు వంగుతయి. ఫ్యాన్ చుట్టు ఉండే ష్రౌడ్ తొడుగు విప్పి, ఇంజిన్ దిక్కు నుంచి, తోటకు కట్టే పైపుతోని మెల్లగ పట్టాలె. బయటికొచ్చే నీళ్లు తేటగ అయ్యేదాక. పత్తి సీజన్ల నెలకొకసారి.
ఇంకోటి, గ్రిల్‌కు దోమల జాలి కట్టేటోళ్లు వెంటనే తీసెయ్యండ్రి. పురుగులు పడవు నిజమే, గాలి కూడ పోదు.

నకిరేకల్_స్కానర్
ఆయిల్ లెవెల్ గురించి ఒక్కరు కూడ మాట్లాడలేదు. కొత్త బాక్సులకు కొలపుల్ల ఉండదు, కింద ఎక్కువైన ఆయిల్ కారిపోయే ఓవర్‌ఫ్లో ప్లగ్గే. ఇంజిన్ నడుస్తుండంగ, లివర్ అన్ని స్థానాలల్ల తిప్పి, ఆయిల్ ఒక ఖచ్చితమైన వేడిల ఉన్నప్పుడు ప్లగ్గు విప్పాలె. సన్నగ ధార తెగి, చుక్కలు పడేటప్పుడు మూసెయ్యాలె. ఆ వేడి బాక్సు బాక్సుకు మారుతది, కొన్నిటికి 35–45, కొన్నిటికి 46–56. మే నెల మధ్యాహ్నం నల్లగొండల 44 డిగ్రీలు. రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండి ఆయిలే అంత ఉంటది! స్టార్ట్ చేసి లివర్ తిప్పేసరికి 50 దాటుతది. అప్పుడు ప్లగ్గు విప్పితే ఉబ్బిన ఆయిల్ ఎక్కువ కారిపోతది, చల్లగైనంక లోపల తక్కువ. తక్కువైతే పంపు గాలి గుంజుతది, నురుగు వస్తది, వేడి పెరుగుతది. ఎండకాలం పొద్దున 6 లోపలే ఈ పని చెయ్యాలె.

పాలమూరు_గేర్‌బాక్స్
ఆయిల్ లెవెల్ వేడిమీదనే చూడాలె. బండి 10–15 కిలోమీటర్లు నడిపి, 70–80కి తెచ్చి చూసుడు పాత నుంచి ఉన్న పద్ధతి. చల్లగున్నప్పుడు చూస్తే తప్పు లెక్క వస్తది.

నకిరేకల్_స్కానర్
అన్నా, అది కొలపుల్ల ఉన్న బాక్సుల పద్ధతి. పుల్ల మీద ‘హాట్’ గీత ఆ వేడికే గీసి ఉంటది. ఓవర్‌ఫ్లో గొట్టం ఎత్తు తక్కువ వేడికి లెక్కగట్టి పెడుతరు. 10 లీటర్ల ఆయిల్ 20 డిగ్రీలు పెరిగితే దగ్గర దగ్గర 150 మిల్లీలీటర్లు ఉబ్బుతది. నువ్వు 80 కాడ విప్పితే 250 మిల్లీలీటర్ల పైన బయటికే.

పాలమూరు_గేర్‌బాక్స్
పావు లీటరుతోని ఏ బాక్సూ ఖరాబు కాదు. పుస్తకం చదివి మాకు నేర్పకండ్రి.

నల్లమల_ఘాట్
పావు లీటరే అంటున్నవు గని, ఎక్కుడుల బండి ముందు లేస్తది, ప్యాన్‌ల ఆయిల్ వెనుకకు జరుగుతది. పంపు ఆయిల్ గుంజే స్ట్రెయినర్ మూతి అప్పుడు తేలిందంటే గాలి గుంజుతది. సాఫ్ రోడ్డు మీద బాగనే ఉండి ఘాట్‌లనే గేరు ఆలస్యంగ పడే బండ్లకు ముందు చూడాల్సింది ఇదే. స్కానర్ చెప్పింది కరెక్టు.

మిర్యాలగూడ_మిల్లు
ప్యాన్ మీద తడి గోనెసంచి కప్పి వేడి దించొచ్చు గద? పొద్దున 6 గంటలకు ఏ షెడ్డు తెరిచి ఉంటది?

నకిరేకల్_స్కానర్
సంచి కప్పితే ప్యాన్ రేకు సల్లవడుతది, లోపల వాల్వ్ బాడీ, కన్వర్టర్‌ల ఉన్న ఆయిల్ కాదు. స్కానర్‌ల సెన్సర్ రీడింగే నమ్మాలె. లేజర్ గన్ను కూడ ఉత్త అల్యూమినియం మీద తక్కువ చూపిస్తది. రాత్రి షెడ్డుల బండి వదిలి పొద్దుగాల చేయించుకొండ్రి.

పాలమూరు_గేర్‌బాక్స్
సరే, ఓవర్‌ఫ్లో బాక్సులకు పుస్తకంల ఉన్న వేడే పట్టుకొండ్రి. నేను పుల్ల బాక్సుల సంగతి చెప్పిన. కాని ప్లగ్గు కింద వాషర్ కొత్తది ఎయ్యకుంట బిగించేటోళ్లు లెవెల్ గురించి మాట్లాడొద్దు. పాతదే ఏస్తే చెమ్మగిల్లి ఆర్నెల్లల్ల అర లీటరు పోతది.

సూర్యాపేట_హైవే
బంపర్ సంగతి అడిగిండు, ఎవరు చెప్పలేదు. బంపర్ ముందు ఇనుప గార్డు పెట్టకు తమ్మీ. 2017 డిసెంబర్‌లనే కేంద్ర రవాణా శాఖ చెప్పింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అక్రమ మార్పు. ఫైన్ పడుతది. పైన దానికి నాలుగు లైట్లు బిగిస్తరు, గాలి వచ్చే జాగ సగం మూసుకపోతది.

గద్వాల_ఫోర్‌బైఫోర్
గార్డు లేకుంటె అడవి పందికి బంపర్ అప్పజెప్పాల్నా? రాత్రి అలంపూర్ దిక్కు ఒక్కసారి నడిపి చూడు.

సూర్యాపేట_హైవే
పంది కోసం గార్డు పెడితే ఆ దెబ్బ ఛాసిస్‌కు పోతది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ లెక్క తప్పుతది. నడిచిపోయే మనిషికి తాకితే ఏమైతదో చెప్పాల్నా? మనుషుల పానం సంగతి ఇది.

బత్తాయి_లోడు
గార్డు పంచాయితి ఇంకో చర్చ పెట్టుకొండ్రి. ఇక్కడ వేడి మాట్లాడుదాం. రేడియేటర్‌ల బోరు నీళ్లు పోసేటోళ్లు ఎవరన్న ఉన్నరా? మన జిల్ల నీళ్లల్ల ఉప్పు, సున్నం ఎక్కువ. వేడికి గొట్టాల లోపల పొర కడుతది. చాలా బండ్లల్ల గేర్‌బాక్స్ కూలర్ రేడియేటర్ ట్యాంకులనే ఉంటది, దాని మీద పొర కట్టిందంటే కూలెంట్ 96 చూపిచ్చినా ఆయిల్ 110 దాటుతది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు కూడ వద్దు.

పాలమూరు_గేర్‌బాక్స్
దీనికి ఇంకో ముక్క కలుపుత. ఆ లోపలి కూలర్ పగిలితే కూలెంట్ ఆయిల్‌ల కలుస్తది. ఆయిల్ రోజ్ మిల్క్ రంగుకొస్తది. అది చూసినంక ఒక్క కిలోమీటరు కూడ నడపొద్దు. కూలెంట్‌ల ఉన్న గ్లైకాల్‌కు క్లచ్ ప్లేట్ల మీది కాగితపు లైనింగ్ ఉబ్బి, జిగురు ఊడుతది. ఫ్లష్ కొట్టి నడుపుకోమనేటోని మాట వినకండ్రి. బాక్సు విప్పాల్సిందే.

గద్వాల_ఫోర్‌బైఫోర్
అందుకే రేడియేటర్ కూలర్‌ను కట్ చేసి సీదా ముందు గాలి కూలర్‌కే ఇయ్యాలంటున్న. పీడ పోతది.

నల్లమల_ఘాట్
ఘాట్‌ల స్పీడు 20, గాలి ఏడ ఉంటది? నిలబడ్డప్పుడు నీళ్ల కూలరే ఎక్కువ వేడి గుంజుతది. రెండు ఉండాలె. ముందు రేడియేటర్, తర్వాత గాలి కూలర్, అటెన్క గేర్‌బాక్స్. గాలి కూలర్ ముందు పెడితే సల్లవడ్డ ఆయిల్‌ను రేడియేటర్ మళ్ల 90కి తెస్తది.
బిగించుడు ఇట్ల: చల్ల ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు పైపులు పట్టి చూడు. ముందు వేడెక్కేది పొయ్యే లైను, రెండోది వచ్చే లైను. వచ్చే లైనుల కలుపు. గొట్టంతోని చేసినది కాదు, పలకలు పేర్చిన రకం తీసుకో. కండెన్సర్‌కు 15–20 మిల్లీమీటర్లు ఎడం, పట్టీలేసి ఫ్రేమ్‌కు బిగియ్యి. జాలి నుంచి ప్లాస్టిక్ టైలు గుచ్చి కట్టే పద్ధతి వద్దు, ఊగి ఊగి కండెన్సర్ బొక్క పడుతది. హోసు మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు అని రాసి ఉండాలె, డీజిల్ హోసు ఈ వేడికి పగులుతది. ఇనుప పైపు కొసకు ఉబ్బు చేయించు, లేకుంటె ప్రెజర్‌కు హోసు ఊడుతది. కూలర్, హోసులు కలిసి 300–500 మిల్లీలీటర్లు తాగుతయి, లెవెల్ మళ్ల చూడాలె. వారెంటీల ఉన్న బండికి ముందు రాతపూర్వకంగ అడుగు.

దేవరకొండ_డబుల్‌క్యాబ్
ఆ 117 ప్యాన్‌దే అన్నా. ఇప్పుడే చూసిన, లిస్టుల కన్వర్టర్ వేరేగ ఉన్నది. దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే సల్లవడుతదా? ఈగలపెంట నుంచి డ్యాం దాక దిగుడే గద.

నల్లమల_ఘాట్
వద్దు! న్యూట్రల్‌ల ఇంజిన్ బ్రేక్ పోతది, ఆ మూలమలుపులల్ల బ్రేకులు మాడుతయి. ఇంజిన్ ఐడిల్‌కొస్తే పంపు కూడ తక్కువ ఆయిల్ తిప్పుతది, చక్రాలు మాత్రం గేర్లను తిప్పుతనే ఉంటయి. రెండు, మూడు గేరులనే దిగు. న్యూట్రల్ రైల్వే గేటుకాడ వేసుకో, హ్యాండ్ బ్రేక్ గుంజి.
వార్నింగ్ వస్తే పక్కకు ఆపి పార్క్‌ల వెయ్యి, ఇంజిన్ బంద్ చెయ్యకు. బంద్ చేస్తే పంపు ఆగుతది, ఆయిల్ కూలర్‌కు పోదు. ఏసీ బంద్ చేసి ఐడిల్‌ల ఉండనియ్యి. ఫ్యాన్‌ది కూడ చూడు. వేడి మీద ఇంజిన్ ఆపి, తాళం తీసి, రెక్క చేత్తోని తిప్పితే బిర్రుగ ఉండాలె. గిర్రున తిరిగిందంటే ఫ్యాన్ను పట్టే విస్కస్ క్లచ్‌ల సిలికాన్ ఆయిల్ పోయినట్టే.

మిర్యాలగూడ_మిల్లు
సర్వీసోళ్లు లైఫ్‌టైం ఆయిల్, మార్చొద్దు అంటున్నరు. మరి?

పాలమూరు_గేర్‌బాక్స్
లోడు కొట్టే బండికి లైఫ్‌టైం అన్న మాటే లేదు. 10–11 డిగ్రీలు పెరిగినకొద్ది ఆయిల్ ఆయుష్షు సగమైతదనేది పాత లెక్క, ఇప్పటి సింథటిక్‌లు దానికంటె తట్టుకుంటయి, గని ఆ దారి మాత్రం అదే. నా మాట 40,000 కిలోమీటర్లు. ప్లగ్గు విప్పితే 10 లీటర్లల్ల 3–4 లీటర్లే దిగుతది. మూడుసార్లు మార్చినా దగ్గర దగ్గర నాలుగో వంతు పాతదే ఉంటది, ఒక్కొక్క మార్పుకు నడుమ కొన్ని రోజులు నడుపు. హైలక్స్‌కు టొయోటా డబ్ల్యూ.ఎస్. ఆయిల్, వేరే బండికి దాని పుస్తకంల రాసిందే. అన్నిటికి పనికొస్తదని డబ్బా మీద రాసింది పోయ్యకండ్రి, లాకప్ క్లచ్ వణుకుతది.
దేవరకొండ తమ్మీ, ప్యాన్‌ల 117 అంటున్నవు గాబట్టి ఈసారి ప్యాన్ విప్పించి అయస్కాంతాల ఫోటో ఇక్కడ పెట్టు, తుడువకముందే తియ్యి. బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే అరుగుడే, భయం లేదు. వేలికి గుచ్చుకునే ఇనుప పెచ్చులుంటే బేరింగో గేరో పోయింది. ఆయిల్ నల్లగుండి మాడు వాసన వచ్చి, ప్యాన్ అడుగున నల్లటి పొడి ఉంటే క్లచ్ లైనింగ్. అప్పుడు కూలర్ కొనకు, ముందు బాక్సు చూపియ్యి.