అకౌంటెన్సీ చదువుకి బర్సరీ, మెరిట్ అవార్డు రెండూ తీసుకోవచ్చా?

ఏసీసీఏ (బ్రిటన్ సంస్థ ఇచ్చే అకౌంటెన్సీ అర్హత) చేస్తూ ఒకేసారి బర్సరీకీ (అవసరమున్న విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయం), మెరిట్ అవార్డుకీ దరఖాస్తు పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. బర్సరీ కుటుంబ ఆదాయాన్ని చూస్తుంది, అవార్డు మార్కుల్ని చూస్తుంది, అంతవరకు అర్థమైంది. వేరేచోట సాయం అందుతుంటే ఫారంలో రాయాలన్న నిబంధన దగ్గరే చిక్కు. రాస్తే అవార్డు సొమ్ము మేరకు బర్సరీ తగ్గిస్తారా? రాయకపోతే తర్వాత మొత్తం వెనక్కి కట్టమంటారేమోనని భయం, కాబట్టి దాచే ఉద్దేశం లేదు.

ఇంకొకటి. డిగ్రీని బట్టి కొన్ని పేపర్లకు మినహాయింపు వచ్చినా, వాటిలో ఒక్కోదానికీ విడిగా ఫీజు కట్టాలి. ఏటా సబ్‌స్క్రిప్షన్ అదనం. బర్సరీ ట్యూషన్ ఫీజుకే పరిమితమైతే ఇవన్నీ చేతినుంచే పడతాయి. ఖర్చుల పట్టికలో వీటిని వేరే వరుసలుగా, రసీదులు జతచేసి చూపిస్తే ఒప్పుకుంటారా? ఆదాయపత్రం ఏ ఆర్థిక సంవత్సరానిది ఇవ్వాలి, పోయినేడాదిదా, దరఖాస్తు చేసే ఏడాదిదా?