రైతు కుటుంబాల్లో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఊళ్లో తోడు బృందం: ఎక్కడ తేడా కొడుతోంది?

పత్తిచేను:
తెలంగాణ, పత్తి పండే మండలం. అప్పులతో భర్త ప్రాణం తీసుకున్న ఆడవాళ్లు తొమ్మిది మంది. నెలకోసారి గ్రామ సంఘం (ఊళ్లోని పొదుపు సంఘాల సమాఖ్య) భవనంలో కలుస్తున్నారు. మొదటిసారి తొమ్మిది మందీ వచ్చారు. ఒకామె ఆ రోజు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది, అందరూ ఏడ్చారు. రెండోసారి నలుగురే. కౌన్సెలర్ కావాలంటే జిల్లా కేంద్రానికి పోవాల్సిందే. ఏం మార్చాలి?

ఊరిబావి:
ముందు చోటు మార్చండి. గ్రామ సంఘం భవనమంటే వాళ్లకు కిస్తీ కట్టే చోటు. సంఘం లెక్కలు రాసే వీఓఏ చేతిలో పుస్తకం కనబడితే నోరు పెగలదు, ఆ ఇంటిని ముంచింది అప్పే కదా. సాయంత్రం పిల్లలు వెళ్లాక అంగన్‌వాడీ గది నయం. ఎవరి ఇంట్లోనూ వద్దు, పక్క గదిలో అత్తమామల చెవులుంటాయి.

రెండోది, "ఏం జరిగింది?" అని అడగకండి. దెబ్బ తిన్న కొత్తలో జరిగినదంతా కూర్చోబెట్టి చెప్పించే పద్ధతి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2013లో చెప్పింది. చెప్పినామెకు రాత్రి నిద్ర ఉండదు, విన్నవాళ్లకు తమ ఇంటి సంగతి కళ్ల ముందు ఆడుతుంది. ఎలా పోయాడు, ఏం తాగాడు అన్నది బృందంలో మాట్లాడకూడదని మొదటి రోజే నియమం పెట్టండి. ఎవరైనా అటు వెళ్తే, "అక్కా, అది మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం" అని మెల్లగా ఆపాలి. ఆయన్ని ఏమని పిలిచేది, ఈ పదిహేను రోజుల్లో ఏది కష్టమైంది, ఎవరు ఆదుకున్నారు... ఇవి అడగండి. మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చోవచ్చు.

నెలకోసారి చాలదు, పదిహేను రోజులకోసారి, గంటంబావు. పత్తి ఏరే రోజుల్లో పొద్దుగూకాకే పెట్టుకోవాలి, లేకుంటే కూలి పోతుంది. మూడో సమావేశం తర్వాత కొత్తవాళ్లను కలపొద్దు. నడిపేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరు ఇదే బాధ పడి కనీసం రెండేళ్లు దాటినామె అయితే మంచిది. ఒకరు మాట్లాడిస్తుంటే రెండోవాళ్లు ముఖాలు గమనిస్తారు, ఎవరైనా లేచి బయటికి పోతే వెంట వెళ్తారు. చివరి పది నిమిషాలు ఏడుపు మీద ముగించకండి. ఇంటికి పోయాక చేసే మొదటి పని ఏంటో ఒక్కొక్కరూ చెప్పి లేవాలి. మర్నాడు ఒక ఫోన్.

కందిచేను:
పైన చెప్పినవన్నీ సరే గానీ కాగితాల సంగతి వదిలేస్తే సగం మంది రారు. దుఃఖంలో సగం ఆఫీసుల చుట్టూ తిరగడమే. మాట్లాడుకోవడం అయ్యాక విడిగా అరగంట దానికి పెట్టండి, రెండూ కలిపితే మాటంతా డబ్బు మీదికి పోతుంది.

2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా 18–59 ఏళ్ల పట్టాదారుకే, ఎలా చనిపోయినా నామినీకి 5 లక్షలు. నామినీగా తల్లి పేరు ఉంటే కోడలి చేతికి రాదు, అక్కడే ఇల్లు రెండుగా చీలుతుంది. కౌలు రైతుకు అది లేదు. అతని కుటుంబానికి దారి రైతు ఆత్మహత్యల పరిహారం మీద 2015లో వచ్చిన జీవో 194, అంటే 6 లక్షలు. అది అప్పులతో జరిగిన ఆత్మహత్యేనని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు (ఏడీఏ) ఉన్న త్రిసభ్య కమిటీ తేల్చాలి. ఎఫ్‌ఐఆర్‌లో "కడుపునొప్పి భరించలేక" అని రాసి ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది, కాబట్టి ఎఫ్‌ఐఆర్ నకలు ముందు తెచ్చుకుని చదివించండి. ప్రైవేటు అప్పు నోట్ల జిరాక్సులు దాచమని చెప్పండి, కోపంలో చింపేస్తుంటారు.

వేపచెట్టు:
జింబాబ్వేలో 2006లో మొదలైన ఫ్రెండ్‌షిప్ బెంచ్ చూడదగ్గది. శిక్షణ పొందిన అవ్వలు ఆస్పత్రి ఆవరణలో బల్ల మీద కూర్చుని ఒక్కొక్కరితో ఆరుసార్ల దాకా మాట్లాడతారు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఒక వలయంగా కలుస్తారు, మాట్లాడుకుంటూ పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతారు. చేతులకు పనుంటే కళ్లలోకి చూడాల్సిన ఇబ్బంది తగ్గుతుంది. మనకు చింతపండు గింజ తీయడమో, విస్తర్లు కుట్టడమో చాలు. బీడీలు మాత్రం వద్దు, లెక్క చేతికి వస్తే మాట ఆగిపోతుంది.

పత్తిచేను:
చోటు మారుస్తాం. ఎవరైనా "నేనూ పోతా" అంటే ఏం చేయాలి? కేసవుతుందని భయపడతారు.

ఊరిబావి:
సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ మాట గట్టిగా చెప్పండి. అవునంటే ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఆమె పక్కనే కూర్చుని ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, రోజంతా ఉంటారు. తర్వాత ఆమెను జిల్లా ఆస్పత్రికి మీరే వెంటబెట్టుకెళ్లండి.

ఆయన అడుగుల చప్పుడు వినిపించిందనో, కలలోకి వచ్చాడనో అంటే మాత్రం కంగారు పడకండి, కొత్తలో చాలామందికి అలా ఉంటుంది. ఆరు నెలలు దాటినా తిండి, పని, పిల్లలు ఏదీ పట్టనంత దుఃఖముంటే డాక్టరుకు చూపించాలి.

ఇంకోటి. మిగిలిన సగం డబ్బా పురుగుమందు అటక మీద దాచే ఇళ్లు ఎన్నో. చావాలనిపిస్తోందని ఆమె ఊఁ అన్న రోజే ఆ డబ్బా ఇంట్లోంచి తీయించి, తాళం ఉన్న వేరే చోట పెట్టించండి. తాళం చెవి ఆమె ఇంట్లో వద్దు.