చందా ఆపిన వ్యాపారికి పాత లెక్కలు చూపాలా, మూసివేయాలా?

అరండల్‌పేట, గుంటూరు (ప్రశ్న):
మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాలకు మేము బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందాపై ఇస్తున్నాము. వేసవి సెలవులకు యార్డు మూయగానే చాలామంది చెల్లింపు ఆపుతున్నారు. అప్పుడే ఖాతాను పూర్తిగా మూసివేయాలని మా భాగస్వామి అంటున్నారు. మాలాగే సాఫ్ట్‌వేర్ అమ్మే సభ్యులు తమ అభిప్రాయం తెలుపగలరు.

గవర్నర్‌పేట, విజయవాడ:
మూసివేయడమే న్యాయం. 2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, మందుల దుకాణాల సాఫ్ట్‌వేర్‌లో రేట్లన్నీ ఆ రోజుకే మారవలసి వచ్చింది. ఆ పనికీ సర్వర్ అద్దెకూ డబ్బు చందాల నుంచే రావాలి కదా! కట్టనివారి భారాన్ని కట్టేవారు ఎందుకు మోయాలి?

బ్రాడీపేట, గుంటూరు:
గవర్నర్‌పేట వారు చెప్పిన ఖర్చు నిజమే గాని, అది కొత్త బిల్లులకు సంబంధించినది. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారి తన లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. పన్ను శాఖ నోటీసు వచ్చిన రోజున పాత బిల్లు తెరుచుకోకపోతే అతను మళ్లీ చందా కట్టవచ్చునేమో గాని, పక్క దుకాణానికి మాత్రం మన పేరు చెప్పడు. కొత్త బిల్లు ఆపండి, పాతవి చూడనివ్వండి.

అసలు చిక్కు నెలవారీ పద్ధతిలోనే ఉన్నదని నా అభిప్రాయం. ఆటోపే (బ్యాంకు ఖాతా నుంచి చందా దానంతట అదే చెల్లే ఏర్పాటు) పెట్టించినంత మాత్రాన డబ్బు వస్తుందనుకోలేము. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం వెళ్లాలి. యార్డులో ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా కదలని నెలలో ఆ సందేశం చూసినవారు రద్దు చేయక ఏమి చేస్తారు? (మరిచిపోయినవారి జేబు మీద నడిచే వ్యాపారం నాకు మొదటినుంచీ నచ్చదు.) సరుకు జోరుగా వచ్చే రోజుల్లో, చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడే, ఏడాది చందా అడగడం మేలు.

గవర్నర్‌పేట, విజయవాడ:
ఏడాది చందా మాట ఒప్పుకుంటాను. అయితే లెక్కలు దాచే బాధ్యతను చట్టం వ్యాపారిపై పెట్టింది గాని మనపై కాదు. పైగా చందా మానినవారే సహాయం కోసం ఎక్కువగా ఫోన్ చేస్తారు.

బ్రాడీపేట, గుంటూరు:
బాధ్యత వ్యాపారిదే కనుక, దానిని నెరవేర్చుకునే దారిని మనం మూయరాదు. లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే సౌకర్యం చందా ఆగిన తరువాత కూడా పనిచేయాలి. ఫోన్ సహాయం చందాదారులకే పరిమితం చేయండి. దానికి నా అభ్యంతరం లేదు.