పంపకాల దావా రాజీలో వచ్చే సొమ్ముకు ఆదాయపు పన్ను కట్టాలా?

ప్రశ్న (భీమవరం నుంచి)

మా నాన్నగారు వీలునామా రాయకుండానే కాలం చేశారు. అంబాజీపేట దగ్గర పల్లెలో ఉన్న ఆయన స్వార్జిత కొబ్బరితోటలో నా వాటా కోసం అన్నయ్యపై వేసిన పంపకాల దావా ఇప్పుడు లోక్ అదాలత్‌లో రాజీకి వచ్చింది. తోట అన్నయ్యకే ఉంటుంది. నా వాటాకు బదులు 15 లక్షలు, గడచిన ఏళ్ల దింపుల్లో (కొబ్బరికాయల దిగుబడిలో) నాకు రావలసిన భాగం కింద 3 లక్షలు ఇస్తారు. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. నేను జీతం మీద పన్ను కట్టే ఉపాధ్యాయురాలిని. ఇదంతా రిటర్నులో ఆదాయంగా చూపాలా?

జవాబు (పన్ను సలహాదారు, అమలాపురం)

కోర్టు ద్వారా వచ్చిన సొమ్ముకు పన్ను ఉండదని కొందరు, తప్పక ఉంటుందని కొందరు మీకు చెప్పే ఉంటారు. సొమ్ము ఏ మార్గంలో వచ్చిందన్నది కాదు, దేనికి బదులుగా వచ్చిందన్నదే ముఖ్యం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీరు మొదటి తరగతి వారసురాలు కనుక, తోటలో మీ హక్కు రాజీతో పుట్టింది కాదు, అంతకుముందే ఉంది. అలా ముందే ఉన్న హక్కులను కుటుంబసభ్యులు సద్భావంతో సర్దుకుంటే అది ఆస్తి బదిలీ కిందకు రాదని, కనుక మూలధన లాభం (ఆస్తి బదిలీ వల్ల వచ్చే, పన్ను పడే లాభం) ప్రశ్నే లేదని హైకోర్టులు చెప్పాయి. 1976లో ‘కాలే’ అనే కక్షిదారు పేరుతో తెలిసిన కేసులో సుప్రీంకోర్టు కుటుంబ ఒప్పందాలకిచ్చిన విలువ దీనికి బలం. పైగా అమలాపురం వంటి, లక్షలోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దుకు 2 కిలోమీటర్లు దాటి, పంచాయతీ పరిధిలో ఉన్న సాగుభూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు. అందువల్ల 15 లక్షలపై పన్ను ఉండదు.

దింపుల భాగాన్ని వ్యవసాయ ఆదాయంగా చూపవచ్చు. దానిపై నేరుగా పన్ను లేకపోయినా, అది 5,000 రూపాయలు మించితే మీ జీతంపై పన్ను లెక్కించేటప్పుడు ఏ రేటు వర్తిస్తుందో తేల్చడానికి మాత్రం కలుపుతారు. వడ్డీ మాత్రం పూర్తిగా పన్ను పడే ఆదాయమే.

జవాబు (న్యాయవాది, రాజోలు)

పై వివరణతో ఏకీభవిస్తూ ఒక్క మాట గట్టిగా చెప్పదలిచాను. ఈ మూడు మొత్తాలనూ రాజీపత్రంలో విడివిడిగా, దేనికోసమో తెలిసేలా రాయించండి. లోక్ అదాలత్ అవార్డుకు (రాజీపై ఇచ్చే తీర్పుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. సంతకాలయ్యాక మాట మార్చడం చాలా కష్టం. సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకోండి. 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే, ఇచ్చినవారు సొంత అన్నయ్యే అయినా, అంత మొత్తమూ జరిమానాగా కట్టవలసి రావచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండి. ముసాయిదాలో 18 లక్షలూ ఒకే మొత్తంగా రాసి ఉంది. సంతకం చేయకముందే విడదీసి రాయమని మా వకీలుగారిని కోరుతాను.